ఆఖరు లేని అప్పగింతల పాట

మా నాయిన జీవితమంతా క్లారినెట్ వాయించాడు గానీ, ఒక్క పాటనూ చివరిదాకా వాయించలేదు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. పెళ్లి బ్యాండు పనే అలాంటిది. ఊరేగింపులో ఒక పాట సగంలో ఉండగానే పెళ్లికొడుకు దోస్తు ఎవడో వచ్చి చెవిలో ఇంకో పాట పేరు అరుస్తాడు. బ్యాండు వెంటనే దాంట్లోకి దూకాలి. ఎవరూ అరవకపోతే అదే పాటను తిప్పి తిప్పి వాయిస్తూ నడవాలి. పెళ్లికొడుకు కారు పందిరి ముందు ఆగిందంటే, పాట ఎక్కడుంటే అక్కడే తెగిపోతుంది. ఆ తర్వాత ఇక భోజనాల గోలే. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో నాయిన వెంట పెళ్లిళ్లకు పోయేదాన్ని. లోకంలో పాటలన్నీ సగమే ఉంటాయని చాలా రోజులు నిజంగానే నమ్మాను.

మా బ్యాండు దుకాణం జనగామలో బస్టాండు దగ్గర ఉండేది. గోడకు డోళ్లు, ట్రంపెట్లు వేలాడేవి, ఒక మూల కొక్కేనికి ఎర్ర కోట్లు. నాయినను అందరూ మాస్టరు అని పిలిచేవాళ్లు. పాలకుర్తి నుంచి మరిపెడ దాకా ఆయన నడవని వీధి లేదు. బ్యాండు ముందు నడుస్తుంది, పెళ్లివాళ్లు వెనకాల వస్తారు. అంటే మా నాయిన ఎవరి కోసం వాయించాడో వాళ్ల మొహాలు ఆయనకు ఎప్పుడూ కనపడలేదు. కనపడిందంతా రోడ్డే.

నన్ను మాత్రం చదువు పాడవకూడదని అక్కడే జనగామలో క్రైస్తవ సిస్టర్లు నడిపే హాస్టల్లో వేశారు. ఆ హాస్టలు ప్రార్థన హాలులో ఒక పాత పియానో ఉండేది. దాని మీద నేను చూపిన ఆత్రం చూసి, ఒక సిస్టరు నాకు నేర్పింది. ఆమె ముందుపెట్టిన పుస్తకంలో ప్రతి పాట చివరా రెండు నిలువు గీతలు ఉండేవి. ఇక్కడికి రాగానే చేతులు ఎత్తెయ్యాలి అని చెప్పింది. పాటకు గట్టు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికి పోయినప్పుడు నాయినకు గొప్పగా చెప్పాను, మా పాటలు అయిపోతాయి తెలుసా అని. నాయిన నవ్వి, పాట అయిపోతే ఊరేగింపు ఎట్ల నడుస్తదని అడిగాడు.

తర్వాత డీజే పెట్టెలు వచ్చాయి. ట్రాలీ మీద గోడంత డబ్బాలు పెట్టి, ఇళ్ల కిటికీలు గడగడలాడేలా మోగిస్తుంటే క్లారినెట్‌ను ఎవరు వింటారు? బ్యాండులో ఒకాయన ఆటో కొనుక్కున్నాడు, ఒకాయన పత్తి మిల్లుకు పోయాడు. దుకాణం గదిలో ఇప్పుడు ఫోన్లు బాగు చేస్తున్నారు. నాయిన క్లారినెట్ మాత్రం అమ్మలేదు. వారానికొకసారి తీసి, తుడిచి, కీలకు చుక్క నూనె వేసి, మళ్లీ పెట్టెలో పడుకోబెట్టేవాడు. వాయించేవాడు కాదు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను. డీజేల మీద, పెళ్లిళ్ల మీద, ఇదేం అన్యాయమని ఎవరినీ అడక్కుండా ఊరుకున్న మా నాయిన మీద కూడా.

నేను పెళ్లయ్యాక మహబూబాబాద్ వచ్చాను. మేమంతా మానుకోట అనే అంటాం. ఇక్కడ బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. ఇంటి ముందుగదిలో ఒక ఎలక్ట్రానిక్ పియానో ఉంది. దాని మీద నేను వాయిస్తుంటే మా ఆయన పేపరు చదువుకుంటాడు, అదే మా ఇంట్లో సంగీత పోషణ.

ఆ మధ్య ఒకరోజు భూపాలపల్లి నుంచి నా హాస్టలు స్నేహితురాలు ఫోన్ చేసింది. అక్కడి బొగ్గుగనుల కాలనీలో డాక్టరు తను. కాలనీ క్లబ్బు హాలులో ఎవరో బదిలీ మీద పోతూ వదిలేసిన అసలు పియానో ఒకటి ఉందని, హైదరాబాద్ నుంచి మనిషిని పిలిపించి శ్రుతి చేయించామని, వచ్చి ఒక గంట వాయించి పొమ్మని అడిగింది. వస్తాను గానీ ఒక్కదాన్నే రానన్నాను. క్లారినెట్, పియానో కలిసి కచేరీ, క్లారినెట్ మా నాయిన అన్నాను. తను సంతోషంగా ఒప్పుకుంది. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, నేను నాయినను అడగలేదని. అడిగి చేసే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకు అసలే లేదు.

ఆదివారం రైలెక్కి జనగామ పోయాను. నాయిన గడప మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. భూపాలపల్లిలో వాయించాలని చెప్పాను.

"పెండ్లి ఎవలది?" అన్నాడు.

"పెండ్లి లేదు నాయినా."

"మరి వినాయకుని ఊరేగింపా?"

"అదీ కాదు. అందరు వచ్చి ఊకె కూసొని ఇంటరు."

నాయిన గ్లాసు కింద పెట్టాడు. "క్లారినెట్‌ను ఊకె కూసొని ఎవలింటరే?" అన్నాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

అదే నన్ను కోసేసింది. అన్నేళ్లు వాయించిన మనిషికి, తన వాయిద్యాన్ని ఎవరైనా కూర్చుని వింటారన్న ఊహే లేదు. ఆ గడప దగ్గరే నిశ్చయించుకున్నాను. ఒక్క పాట, మొదటి నుంచి చివరిదాకా. ఎవరూ ఎగరకుండా, తినకుండా, అరవకుండా వింటుండగా మా నాయిన దాన్ని పూర్తి చెయ్యాలి. అది చూసేదాకా ఊరుకునేది లేదు. లోపలి నుంచి మా అమ్మ, దానికి కోపం ముక్కు మీదుంటది, వస్తనని ఒప్పుకోరాదు అని ఆయనకు సలహా ఇచ్చింది. నాయిన ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున రైలుకు నాయిన మానుకోట వచ్చేవాడు, క్లారినెట్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని. మొదటిరోజు శ్రుతులు కలవలేదు. ఆయనది కాస్త ఎక్కువ పలికింది. క్లారినెట్ మెడ దగ్గరి ముక్కను కొంచెం బయటికి గుంజి సరిచేసుకున్నాడు. తలుపులు వేసి మొదలుపెట్టినా చుట్టుపక్కల వాళ్లు గేటు దాకా వచ్చి, మీ ఇంట్ల ఎవల లగ్గమని అడిగారు. ఎవరిదీ కాదంటే నమ్మలేదు, చెప్పకుండా చేస్తున్నామని ఒకామె నొచ్చుకుంది కూడా.

మేం ఎంచుకున్నవి మూడు పాటలు. అన్నీ నాయిన బ్యాండులో వాయించినవే. ఎదుర్కోళ్లప్పుడు, అంటే మగపెళ్లివాళ్లకు ఆడపెళ్లివాళ్లు ఎదురువెళ్లేటప్పుడు వాయించేది ఒకటి. ఊరేగింపుది ఒకటి. ఆఖరుది అప్పగింతల పాట. ఆయన రాగానికి కింద నేను పియానో మీద ఆసరా పట్టాలి, మధ్య మధ్య రాగాన్ని నేనందుకుంటే ఆయన నా కింద నడవాలి. ఇవన్నీ నాయినకు చిటికెలో వచ్చాయి. రానిది ఒక్కటే. ఆపడం.

చివరి వరుస దగ్గరికి వచ్చి, ఇక్కడ అయిపోవాలి నాయినా అని ముందే చెప్పేదాన్ని. తలూపేవాడు. తీరా అక్కడికి రాగానే వేళ్లు గిర్రున తిరిగి మళ్లీ పాట మొదట్లోకి పోయేవి. నేను చేతులు ఎత్తేసి చూస్తుంటే ఆయన కళ్లు మూసుకుని రెండో చుట్టు, మూడో చుట్టు పోతూనే ఉండేవాడు. మొదట నవ్వాను. తర్వాత అరిచాను. బడిలో పిల్లల మీద అరిచినట్టే అరిచాను.

"నేనేం జెయ్యాలె బిడ్డా," అన్నాడు. "నేను ఆగుతున్న. వేళ్లే పోతున్నయ్."

అరిస్తే వేళ్లు వినవని అర్థమై, ఒక పని చేశాను. క్లారినెట్, పియానోల కోసమే ఎవరో విదేశీయుడు రాసిన ఒక నిదానమైన రచన రికార్డింగు పెట్టి వినిపించాను. నాయిన నేలమీద కూర్చుని, గోడకు ఆనుకుని విన్నాడు. చివరికొచ్చేసరికి చెయ్యి పైకెత్తి నన్ను ఆగమన్నాడు.

"చూస్తివా, ముందుగాల్నే చెప్తున్నడు, పోయొస్తనని," అన్నాడు. "ఉన్నట్టుండి లేచి పోతలేడు. చెప్పులేసుకుంటున్నడు, గడప దాటుతున్నడు, అప్పుడు పోతున్నడు."

అంతే, కిటుకు దొరికింది. ఎదుర్కోళ్ల పాటకు ఆ వారమే ఆఖరు కుదిరింది. రెండు వైపులవాళ్లు ఎదురుపడి నిలబడ్డట్టు, ఆయన రాగం, నా రాగం ఒకే స్వరం మీదికొచ్చి ఆగాయి. ఊరేగింపు పాటకు పై వారం కుదిరింది. అప్పగింతల దగ్గర బండి దిగబడింది.

అది నాయినకు వాళ్ల నాయిన నేర్పిన పాట. పెళ్లికూతురిని అప్పగించి కారెక్కించేటప్పుడు వాయిస్తారు. కారు కదిలి మలుపు తిరగ్గానే బ్యాండు ఆపేస్తుంది. మా తాత నేర్పిందీ అంతవరకే. దానికి ఆఖరు ఎట్లా ఉంటుందో ఎవరికీ తెలియదు. నేనొకటి కట్టాను, పెద్ద పెద్ద స్వరాలతో, రెండు చేతులా. నాయిన విని, సర్కసు డేరా లేపుతున్నట్టుందన్నాడు. ఇంకొకటి కట్టాను. అదీ నచ్చలేదు.

"గది అయిపోయే పాట కాదు బిడ్డా. కారు పోతది, మేం ఆపుతం. గంతే."

కోపమొచ్చింది. నీకు పూర్తి చెయ్యాలని లేదు, పక్కన నిలబడి వాయించుడే అలవాటైపోయిందని అనరాని మాట అన్నాను. నాయిన లేచాడు. క్లారినెట్‌ను ముక్కలుగా విప్పి, తుడిచి, పెట్టెలో సర్దుకుని, అన్నం కూడా తినకుండా స్టేషనుకు పోయాడు. మా ఆయన పేపరులోంచి తలెత్తి, ఆ ఒక్క పాట వదిలేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకన్నాడు. వదిలెయ్యడానికైతే ఈ కచేరీ దేనికని ఆయన మీద కూడా అరిచాను. కానీ లోపల మాత్రం, ఈ పాటకు ఆఖరు ఎక్కడి నుంచి తేవాలో నాకూ తెలియలేదు.

ఆ వారమంతా బడిలో పాఠం చెబుతున్నా అదే. గురువారమో శుక్రవారమో, అన్నం వండుతూ ఉండగా నా అంతట నేనే ఏదో కూనిరాగం తీస్తున్నానని గమనించాను. ఆ రాగం నాకు కొత్తది కాదు. ఎక్కడిదో గుర్తుకు రాగానే కుక్కరు సంగతి మరిచిపోయి అలాగే నిలబడ్డాను.

మళ్లీ ఆదివారం నాయిన వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. రాడని అనుకోవడం నా తెలివితక్కువ. ఆయనను కూర్చోబెట్టి, అప్పటివరకు ఎవరికీ చెప్పని సంగతి చెప్పాను.

నా పెళ్లిలో మా బ్యాండే వాయించింది గానీ నాయిన వాయించలేదు. పెళ్లికూతురి తండ్రి కదా, కన్యాదానం చేసే చేతులాయె. బ్యాండులో రెండో క్లారినెట్ వాయించే అతను ఆయన బదులు వాయించాడు. నాయిన ఖాళీ చేతులతో కారు పక్కన నిలబడ్డాడు. కారు కదిలి పాలకుర్తి రోడ్డెక్కేసరికి పాట సన్నబడి సన్నబడి తెగిపోయింది. నేను ఏడుస్తున్నాను. కానీ ఏడుపు కంటే ఎక్కువ, ఆ తెగిన పాట గొంతులో అడ్డంపడ్డట్టు ఉండి ఊపిరాడలేదు. అందుకని నోట్లోనే దాన్ని ముందుకు లాగాను. అటు తిప్పి ఇటు తిప్పి, ఎక్కడో ఒకచోట దించి కూర్చోబెట్టాను. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ దించాను. దారి పొడుగునా అదే పని. పక్కన కూర్చున్న మా అత్తమ్మ, కోడలు దేవుని పాటలు పాడుకుంటోందని అందరికీ మురిపెంగా చెప్పుకుంది.

ఆ రాగం నాయినకు పాడి వినిపించాను. గొప్ప రాగమేం కాదు. మెల్లగా మెట్లు దిగినట్టు దిగి, అడుగున రెండుసార్లు తారాడి ఆగుతుంది.

నాయిన క్లారినెట్‌ను మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని విన్నాడు. "గంత దూరం గదే పాడుకుంట పోయినవా?" అన్నాడు.

"మానుకోట దాంక."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత క్లారినెట్ మూతి దగ్గరి రెల్లు రీడును నాలుకతో తడిచేసి, నేను పాడింది పాడినట్టు వాయించాడు. రెండోసారి వాయించేటప్పుడు, దిగే దగ్గర ఒకచోట ఆగాడు. ఒక్క ఊపిరి సేపు ఏమీ లేదు. ఆ తర్వాత దిగాడు.

"ఇగో, గీడ జర ఆగాలె," అన్నాడు. "బిడ్డ ఎనుకకు తిరిగి చూస్తది గద."

ఆ రోజు నేను కారులోంచి వెనక్కి తిరిగి చూడటం ఆయన చూశాడన్నమాట. ఆ ముచ్చట మా ఇద్దరి మధ్య అంతకు ముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అవసరం పడలేదు.

కచేరీ రోజు వరంగల్ దాకా రైలు, అక్కడి నుంచి పరకాల మీదుగా బస్సు. అమ్మ కూడా వచ్చింది. ముందురోజే కురవి పోయి వీరభద్రస్వామికి కొబ్బరికాయ కొట్టి వచ్చిందట, నా కోపం తగ్గాలనో, నాయిన పాట ఆగాలనో చెప్పలేదు. హాలు చేరేసరికి గోడ వారగా బల్లలు వేసి ఉప్మా, మిర్చిబజ్జీలు పేరుస్తున్నారు. కచేరీ అయ్యేదాకా ఒక్క ప్లేటు కూడా ఇక్కడ ఉండొద్దని నా స్నేహితురాలికి చెప్పాను. జనం తింటూ వింటారులే అంది. అందుకే వద్దన్నాను. బల్లలన్నీ వెనక వరండాలోకి మోయించి, తలుపు నేనే గడియ పెట్టుకుని వచ్చాను. నీతో కాపురం ఎట్లా చేస్తున్నాడే ఆయన అని నవ్వింది.

పియానో మెట్లలో, అంటే వేళ్లతో నొక్కే కీలలో, ఒకటి నొక్కితే లేవడం లేదు. దాన్ని ముట్టుకోకుండా వాయించాలని వేళ్లకు నచ్చజెప్పుకున్నాను. హాలు నిండింది. గని కార్మికుల కుటుంబాలు, బడి పంతుళ్లు, పిల్లలు. ముందు వరుసలో మా ఊరివైపు పటేలు ఒకాయన కూర్చున్నాడు. భూస్వాముల కుటుంబం, ఇప్పుడు భూపాలపల్లిలో లారీల వ్యాపారం. ఆయన పెళ్లికి, ఆయన కూతురు పెళ్లికి కూడా మా బ్యాండే. మాస్టరు వాయిస్తున్నాడని విని అభిమానంగా వచ్చాడు. ఆయనను చూసి నాయిన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత ఎంత చెప్పినా కూర్చోలేదు, నిలబడే వాయిస్తానన్నాడు. సరే, కుర్చీ పోతే పోయింది, పాట ముఖ్యం అనుకున్నాను.

ఎదుర్కోళ్ల పాట మొదలయ్యేసరికి జనం కాళ్లు ఆడించారు. పాట ఆగినప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుని తర్వాత చప్పట్లు కొట్టారు. ఊరేగింపు పాటకు పిల్లలు లేవబోతే తల్లులు పట్టి కూర్చోబెట్టారు. నాయిన ఎదురుగా అన్ని మొహాలు చూడలేక నా పియానో వైపే చూస్తూ వాయించాడు. వేళ్లు మాత్రం ఎక్కడా తడబడలేదు.

అప్పగింతల పాట ఎత్తుకోగానే హాలులో గొంతులు సద్దుమణిగాయి. ఆ పాట మహిమ అది. వెనక వరసల్లో ఆడవాళ్లు అప్పుడే కొంగులు అందుకుంటున్నారు. నేను ఆసరా పట్టాను, నాయిన పైకి పోయాడు, కిందికి వచ్చాడు. ఎప్పుడూ తెగిపోయే చోటుకి దగ్గర పడ్డాం. సరిగ్గా అప్పుడు ముందు వరుసలో పటేలు చెయ్యెత్తాడు.

"మాస్టరూ, గది చాలుతియ్యి. నా పెండ్లిల కొట్టింది కొట్టు."

ఆయన చెడ్డమనిషి కాదు. ఎవరి పెళ్లిలోనైనా అది బ్యాండుకు ఇచ్చే మర్యాదే. ఆ పిలుపు వినబడగానే నాయిన రాగం తెగింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆయన వేళ్లు అప్పటికే వేరే పాట కీల మీదికి జరిగాయి. ఒక జన్మ అలవాటు.

లేచి ఆ పటేలును అనవలసిన మాటలన్నీ నాలుక చివరికి వచ్చాయి. అనలేదు. నేను అంటే అది నా గెలుపు అవుతుంది, ఆయనది కాదు. చేతులు మాత్రం పియానో మెట్ల మీదినుంచి తియ్యలేదు. ఆగిన చోటనే, అవే నాలుగు స్వరాలు తిప్పి తిప్పి వాయిస్తూ పోయాను. పాట ఆపాలని ఆయనను అన్ని వారాలు పీడించిన నేను, ఆపకుండా వాయిస్తూ ఆయన మొహంలోకి చూస్తున్నాను. రా నాయినా, ఇక్కడే ఉన్నాను, రా అని నాలోపల నేను బతిమాలుకుంటున్నాను.

నాయిన క్లారినెట్ పెదవుల నుంచి దించాడు. కచేరీ మొదలైన తర్వాత మొదటిసారి జనం వైపు తిరిగాడు.

"జర ఆగుండ్రి పటేలా," అన్నాడు. "ఇది ఇంక అయిపోలే."

గట్టిగా అనలేదు. అయినా హాలంతా వినపడింది. మా నాయిన ఒక పటేలును ఆగమనడం నేను పుట్టాక విన్నది అదే. పటేలు ఎత్తిన చెయ్యి మెల్లగా ఒళ్లోకి దించుకున్నాడు.

నాయిన మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి నా వైపు తిరగలేదు, ఎదురుగా ఉన్న మొహాలనే చూస్తూ వాయించాడు. తెగిపోయే చోటు దాటాడు. మెట్లు దిగడం మొదలుపెట్టాడు. ఆగవలసిన చోట ఆగాడు. ఒక్క ఊపిరి సేపు అందరం ఆగాం. ఆ తర్వాత అడుగుదాకా దిగి, రెండుసార్లు తారాడి, చివరి స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు పట్టుకుని వదిలాడు. నేను చేతులు ఎత్తేశాను.

చప్పట్లు లేవు. ఎవరూ కదల్లేదు. నచ్చలేదేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది. పాట మళ్లీ మొదటికి తిరుగుతుందని వాళ్లంతా ఎదురుచూస్తున్నారు. వాళ్లు కూడా ఈ పాటకు ఆఖరు ఎన్నడూ విన్నవాళ్లు కాదు కదా.

నాయినకూ అది తెలిసినట్టుంది. "అయిపోయింది," అని చెప్పాడు, జనానికంతా. తర్వాత ముందు వరుస వైపు తిరిగి, "ఇప్పుడు అడుగుండ్రి పటేలా, మీ పాట ఏందో," అన్నాడు.

పటేలు కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు.

"నా పాట ఉండనియ్యి మాస్టరూ," అన్నాడు. "గిది మా బిడ్డను అత్తగారింటికి తోలిననాడు సగమే ఇన్న. మల్లొకసారి కొట్టు. ఆఖరు దాంక ఇంట."

నాయిన నా వైపు చూశాడు. నాకు పియానో మెట్లు సరిగా కనపడటం లేదు, చేత్తో తడుముకుని మొదటి స్వరం వెతుక్కున్నాను.